పోయిన బంటును చూచి బెదరవలదు

జట్లుగా ఆడు చదరంగపు పోటీలలో మన విద్యార్థులయందొక లోపమును పలుమారులు గమనించితిని. మొదటి పది యెత్తులను కంఠస్థము చేసి వత్తురు. ఎదుటివాడు పదునొకండవ యెత్తున క్రొత్తదారి త్రొక్కగనే దిక్కుతోచక కూర్చుందురు. ఎత్తు తెలిసినదిగాని, దాని నేల వేయవలెనో తెలియలేదు. ఒకరి ఓటమి జట్టున కంతటికిని నష్టము గదా!

ఆరంభమును అర్థము చేసికొని నేర్చుటకు కటలాన్ ఆరంభము మంచి పాఠము. 1929లో బార్సిలోనా నగరమున జరిగిన పోటీకి నిర్వాహకులు తమ ప్రాంతమగు కటలోనియా గౌరవార్థ మొక ఆరంభమును కూర్పుమని టార్టకోవరును కోరిరి. దాని కీ పేరు అట్లు కలిగినది. స్పెయిను దేశమున అల్పసంఖ్యాకుల భాషయగు కటలాన్ పేరు నేడు చదరంగ మెఱిగినవారందఱి నోటను వినబడుచున్నది.

ఇందు తెల్లపావులవాడు మంత్రి ముందరి బంటును, దాని ప్రక్కబంటును రెండేసి గడులు నడుపును. రాజువైపు శకటును గుఱ్ఱపు గడికి ముందు నిలిపి, మూలకు పోవు పొడవైన దారిని దాని కప్పగించును. ఎదుటివాడు బంటును కొట్టినను తొందరపడడు. 2010లో సోఫియాలో టొపలోవుతో జరిగిన ప్రపంచ విజేత పోటీ నాలుగవ ఆటలో ఆనంద్ నాలుగవ యెత్తుననే బంటును పోగొట్టుకొనెను. దానిని కొట్టిన నల్లబంటును 19వ యెత్తునగాని తిరిగి కొట్టలేదు. అప్పటికిని ఆయన కొక బంటు కొఱతయే. అయినను 23వ యెత్తున గుఱ్ఱమును బలియిచ్చి, 32వ యెత్తున గెలిచెను.

మన ప్రాంతమున తల్లిదండ్రులు కొందఱు తెలుగు తరగతిలో గడచు గంటలను పోయిన బంటువలె లెక్కించుచున్నారు. రాష్ట్రభాషను, ఆంగ్లమును నేర్వవలదని నేననను. అవి తప్పక నేర్వవలసినవే. కాని కారణమడిగి గ్రహించు అలవాటు బిడ్డకు మొదట అబ్బునది తల్లిభాషయందే. ఆ ఫలము నాలుగవ యెత్తున కనబడదు.

అట్లని బంటు నిచ్చి ఊరకుండువానికి ఈ ఆరంభము ఓటమినే తెచ్చును. శకటు దారి తెఱచి, దానికి పని కల్పింపవలెను. బిడ్డను తెలుగు బడిలో చేర్చి, ఇంట తెలుగు పుస్తకము తెఱువకున్న ఫలమేమి? రాత్రి భోజనమైన పిదప పావుగంట బిడ్డచేత బిగ్గరగా చదివింపుడు. ఆపై చదరంగపు బల్ల పఱచి, వేసిన ప్రతి యెత్తునకును కారణమును తెలుగున చెప్పింపుడు. పోటీలో పదునొకండవ యెత్తు వచ్చినప్పుడు ఆ బిడ్డ దిక్కులు చూడడు.