ఆ తీగచుట్టు మరమ్మతు కాదు

సంపాదకులకు,

గత సంచికలో పాత సైనిక తుపాకుల సేకరణపై వ్యాసం ఇష్టంగా చదివాను. అయితే రెండు మాటలు సరిదిద్దాలి. ఇషాపూర్‌లో తయారైన .303 లీ-ఎన్‌ఫీల్డ్ ముందుభాగం కర్రకు చుట్టిన తీగను, చీలిన కర్రకు ఎవరో సిపాయి వేసిన కట్టు అన్నారు. కాదండీ. గొట్టం మూతికి కప్పు తగిలించి మిల్స్ గ్రెనేడు పేల్చడానికి ఆ తుపాకులను కేటాయించేవారు. ఆ అదురుకు కర్ర చీలకుండా, గొట్టం పగిలితే ముక్కలు చెదరకుండా ఆ చుట్టు. పోలీసు ఆయుధాగారంలో ఏళ్ల తరబడి ఇలాంటివి తుడిచినవాణ్ని. చుట్లు ఎంత బిగువుగా, వరసగా ఉంటాయో వేళ్లకు తెలుసు.

రెండోది, 1917 అని ముద్ర ఉంది కనుక మెసపొటేమియాలో పోరాడిందనడం. బోల్టు పిడి కింద కొట్టిన ఆ ఏడాది తయారీ సంవత్సరం మాత్రమే. ఏ పటాలానిదో చెప్పేది మడమ కర్రలోని ఇత్తడి బిళ్ల. 1916లో తయారీ సులువు చేసేందుకు దాన్నీ తీసేయడంతో చాలా తుపాకులకు ఆ ఆధారం కూడా లేదు.

సేకర్తలకు ఒక్క విన్నపం: బిళ్ల దొరికితే చింతపండుతో తోమకండి. అరిగిన అక్షరాలు మళ్లీ రావు.

— ఒక విశ్రాంత ఆర్మరర్, కర్నూలు