భోజనశాలలు - పన్ను సొమ్ము

అతిథివద్ద పన్ను పేర వసూలైన రూపాయి హోటలు యజమానిది కాదు. గడువువరకు అతని గల్లాపెట్టెలో తలదాచుకొన్న ప్రభుత్వపు సొమ్మది. దినదినమును దానిని వేరుగా తీసియుంచక పాలవానికిని కూలివానికిని పంచిపెట్టి, గడువునాడు అప్పునకు పరుగెత్తువారు పెక్కురు. ఆలస్యమునకు వడ్డీ ఏటికి నూటికి 18 రూపాయలు!

చెన్నరాజధానిలో అమ్మకపు పన్ను శాసనము 1939లో పుట్టినది. హోటలులో అన్నము వడ్డించుట అమ్మకము కాదని 1978లో సుప్రీంకోర్టు పలుకగా, పన్ను నిలుపుకొనుటకు 1982లో రాజ్యాంగమునే సవరింపవలసివచ్చెను.

2017 నవంబరు 15 నుండి సాధారణ భోజనశాలలకు పన్ను నూటికి 5. గ్యాసుమీదను దుకాణపు అద్దెమీదను తాము చెల్లించిన పన్నును ఇందులో మినహాయించుకొను వీలు లేదు. యజమానుల మొర యిచ్చట న్యాయమైనదే. మహాహోటళ్ళ సంగతి వేరు.

కాని కాంపోజిషను పద్ధతి కోరుకొన్న చిన్న యజమానుల విషయమున మాత్రము మేము మొగమాటపడజాలము. మన రాష్ట్రములలో సాలుకు కోటిన్నర రూపాయలకు మించని వ్యాపారమునకు ఈ సౌకర్యము కలదు. వీరు 5 శాతమును తమ రాబడినుండియే చెల్లింపవలెను. భోక్తనుండి కాసైనను పన్నుగా గ్రహింపరాదు. పన్ను వసూలుచేయ నర్హత లేదని బిల్లు పైభాగముననే వ్రాయవలెను. అట్టివారు పన్ను పేర అదనపు పంక్తి చేర్చిన, అది పన్ను కాదు, జేబు కత్తిరించుట. సర్వీసు చార్జియు పన్ను కాదు.

హోటలు సంఘములవారు తమ సభ్యులను వెంటనే హెచ్చరింతురుగాక. చదువరులును బిల్లు పైభాగము చూచిన పిమ్మటనే పైకము చెల్లింతురుగాక.