డిపెండెంట్ వీసా: కాపురమా, కాపలానా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో నేను చూసిన ప్రతి అమెరికా సంబంధంలోనూ అల్లుడి జీతం అడిగారు. అమ్మాయి ఏ వీసామీద వెళుతుందో ఎవరూ అడగలేదు.

హెచ్-1బి భర్త వెంట వెళ్ళే భార్యది హెచ్-4. దానిమీద ఉద్యోగం చెయ్యకూడదు. 2015లో కొందరికి అనుమతిచ్చారు. అదీ భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నం ఒక దశకు చేరాకే. విడాకులైతే ఆ హోదా కూడా పోతుంది. ఇంజనీరింగు చదివిన పిల్ల బస్సు చార్జీకి చెయ్యి చాచాలి!

హింసకు గురైన హెచ్-4 భార్య, భర్త సంతకం లేకుండానే పని అనుమతి కోరవచ్చని అక్కడి 2005 చట్టం చెబుతోంది. ఎంతమంది తల్లులకు తెలుసిది? కట్నం లెక్కించే ఇళ్ళకే వెళ్ళి చెబుదాం: ఆమె పాస్‌పోర్టు ఆమె చేతిలోనే ఉండాలి, నకళ్ళు పుట్టింట్లో ఉండాలి.