తెలుగు బైబిలు పరిభాష – ఒక పునర్విచారము

సుమారు నలుబది సంవత్సరముల క్రిందటి మాట. భాషాప్రవీణ తరగతిలో బాలవ్యాకరణ సమాస పరిచ్ఛేదమును బోధించుచుండగా ఒక క్రైస్తవ విద్యార్థి లేచి, “అయ్యవారూ, మారుమనస్సు అనునది ఏ సమాసమండీ?” అని అడిగెను. “అది మిషనరీల తెలుగు, వ్యాకరణమునకు దానితో పనిలేదు” అంటిని. తరగతి నవ్వినది. ఆ బాలుడు కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు మరల ప్రశ్న అడుగలేదు.

నేను చెప్పినది అవినయము మాత్రమే కాదు, అశాస్త్రీయము కూడ. చిన్నయసూరి సమాసములను సాంస్కృతికము, ఆచ్ఛికము, మిశ్రము అని మూడుగా విభజించెను గదా. “మారు” దేశ్యము, “మనస్సు” తత్సమము. మారుమనస్సు నిర్దుష్టమైన మిశ్రసమాసము, విశేషణ పూర్వపద కర్మధారయము. మారుపేరు, మారువేషము అనువానిలోని “మారు” శబ్దమే ఇందును గలదు. నేను బోధించుచున్న సూత్రముననే ఆ బాలుని ప్రశ్నకు సమాధానముండగా, నా అనాదరము దానిని కప్పివైచినది.

పదవీవిరమణానంతరము గ్రీకు నిఘంటువును దగ్గర నుంచుకొని ఈ పదములను మరల చూచితిని. మారుమనస్సునకు మూలమైన “మెతానోయా”లో “మెతా” మార్పును, “నూస్” మనస్సును తెలుపును. “పశ్చాత్తాపము” అనినచో తాపమే ముందునకు వచ్చును. మారుమనస్సు మూలపదముయొక్క అవయవార్థమును తప్పక పట్టుకొన్నది. “సువార్త” మరియొక ఉదాహరణము. గ్రీకు “యూఅంగేలియోన్”లోని “యూ” ఉపసర్గమును మన “సు”కు సగోత్రముగా భాషాశాస్త్రజ్ఞులు భావింతురు. “నిబంధన” విషయము మరింత విచార్యము. హీబ్రూ “బెరీత్” ఇరుపక్షముల నడుమ కట్టుబాటు. గ్రీకులో అది “దియాథేకే”, లాటినులో “తెస్తామెంతుమ్” అయి మరణశాసనార్థమునకు జరిగినది. బంధార్థక ధాతువునుండి పుట్టిన మన పదము లాటినుకంటె హీబ్రూకే సన్నిహితము. ఈనాటి విద్యార్థికి నిబంధన యనగా షరతు అని మాత్రమే తోచును. ఆ దోషము పదమును ఎన్నుకొన్నవారిది కాదు.

అనువాదకుల మార్గభేదము పురాతనమే. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున సినోపె పురవాసి అక్విలా హీబ్రూ గ్రంథమును గ్రీకులోనికి పదమునకు పదముగా తెచ్చెను. హీబ్రూలో కర్మపదమునకు ముందు వచ్చు “ఎత్” అను నిపాతమును సైతము విడువక, గ్రీకు సంప్రదాయమునకు విరుద్ధమైనను “సున్” అను పదముతో సూచించెను. సుమ్మాఖుస్ అనునతడు అర్థప్రధానమైన మార్గమును పట్టెను. ఒకటి మన పాఠశాలలోని ప్రతిపదార్థము, మరియొకటి తాత్పర్యము. మూడవ శతాబ్దమున ఓరిగెన్ ఈ రెండింటిని తన షట్పంక్తిక గ్రంథమగు హెక్సాప్లాలో ప్రక్కప్రక్కన నిలిపెను. అభిషిక్తుడను అర్థము గల “మషీయహ్” శబ్దమునకు పూర్వానువాదకులు వాడిన “ఖ్రీస్తోస్”ను అక్విలా విడిచి, అదే అర్థము గల వేరొక పదమును గ్రహించెను. అర్థమొక్కటే అయినను పదము మారగా మతములు రెండు వేరుపడిన చరిత్ర అచట కనిపించును.

పదమును అనువదింపకుండుట కూడ ఒక నిర్ణయమే. “బాప్తిస్మము” గ్రీకు శబ్దమే. దీనికి బదులుగా బెంగాలీ, బర్మా అనువాదములలో “ముంచుట” అను అర్థము గల పదమును వాడగా బైబిలు సంఘములు తోడ్పాటు నిరాకరించినవి. తత్ఫలితముగా 1836లో అమెరికాలోని బాప్తిస్టులు వేరొక సంఘమును స్థాపించుకొనిరి. ఒక్క ధాత్వర్థముపై ఇంత వివాదము మన మీమాంసకులకు వింతగా తోచదు.

తెలుగునాట ఈ పనిచేసినవారిని మన సాహిత్యచరిత్రలు తగినంతగా స్మరింపలేదు. జర్మను దేశీయుడగు బెంజమిను షుల్జ్ మద్రాసులో బైబిలును తెలిగించెను. అతని తెలుగు పుస్తకములు 1746 ప్రాంతమున హాలే నగరమున అచ్చుపడినవి. విశాఖపట్టణమున దేగ్రాంజ్ దొరకు సహాయుడైనవాడు ఆనందరాయరు, బ్రాహ్మణవంశజుడు. దేగ్రాంజ్ 1810లో మరణించెను. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున ముద్రితమైనవి. ఏ పదము దొరది, ఏ పదము పండితునిది అను ప్రశ్నను మన పరిశోధకులలో ఎందరు వేసిరి?

ఇట్లనుటచే రెండవ అతివాదమును నేను సమర్థించుట లేదు. ఇటీవలి కొన్ని సిద్ధాంతవ్యాసములలో “పరిశుద్ధాత్మ”ను ఉపనిషత్తుల ఆత్మతోను, “వాక్యము”ను భర్తృహరి శబ్దబ్రహ్మముతోను ఏకముచేయుట చూచుచున్నాను. హీబ్రూ “రూఅహ్”, గ్రీకు “ప్నెవుమ” మొదట వాయువును, శ్వాసను తెలుపు పదములు. శబ్దసామ్యము అర్థసామ్యము కాదు. తిరస్కారము పఠనమును ఆపును. తొందరపాటు సమన్వయము విమర్శను ఆపును. రెండింటను నష్టపోవునది మూలార్థమే.

కావున అధ్యాపకమిత్రులకు నా మనవి ఇది. తెలుగు బైబిలు పరిభాషను తత్సమ పదచరిత్రలో ఒక అధ్యాయముగా పాఠ్యమున చేర్పుడు. మూలపదము, ధాత్వర్థము, తెలుగున పొందిన అర్థము, నేటి వాడుక — ఈ నాలుగింటిని వరుసగా చూపించిన పదకోశమును మన కళాశాలలే కూర్పవలెను. ఇందుకు విశ్వాసముతో పనిలేదు. బౌద్ధ జైన గ్రంథములను మన పాఠశాలలలో పూర్వపక్షముగానైనను శ్రద్ధతో చదివిరి. పూర్వపక్షమును సరిగా చెప్పలేనివాడు సిద్ధాంతమును చెప్పుటకు అర్హుడు కాడని మా గురువులు బోధించిరి.

ఆ విద్యార్థి నేడెచ్చట నున్నాడో ఎరుగను. అతని ప్రశ్నకు నలుబది యేండ్లు ఆలస్యముగా సమాధానము వ్రాసితిని. మీ తరగతులలో అట్టి ప్రశ్న లేచినపుడు ఇంత ఆలస్యము కాకుండుగాక.