మీటరున్నా బేరమే: కువైట్ టాక్సీలో మనవారి కష్టార్జితం

కడప, చిత్తూరు ప్రాంతాల నుండి, గోదావరి తీర గ్రామాల నుండి కువైట్ చేరినవారు ఇంటికి ఫోను చేసినప్పుడు చెప్పుకునే కష్టాలలో టాక్సీ కిరాయి ఒకటి. వినడానికి అల్పవిషయమే. లెక్కవేసి చూస్తే కాదు.

ఆ దేశంలో ఇంటిపనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికొక సెలవు అందులో హక్కుగా చేరింది. 2016లో కనీస నెల జీతాన్ని 60 దినార్లుగా నిర్ణయించారు. ఒక స్త్రీ సెలవునాడు తన ఊరివారిని చూడడానికో, ఇంటికి సొమ్ము పంపడానికో బయలుదేరి రానూపోనూ 3 దినార్లు చెల్లించిందనుకుందాం. నాలుగు వారాలకు 12 దినార్లు. కనీస జీతంలో అయిదవ వంతు! చట్టం ఇచ్చిన సెలవు ఈ విధంగా కిరాయికి హరించుకుపోతున్నది.

టాక్సీలలో మీటర్లు లేక కాదు. వాటిని వేసేవారు అరుదు. దీనిని డ్రైవరు దురాశగా తేల్చివేయడం న్యాయం కాదు. అతడూ తరచుగా మన దేశస్థుడో, బంగ్లాదేశీయుడో అయిన వలసజీవియే. యజమానికి రోజు అద్దె కట్టగా మిగిలినదే అతని కూలి. 2025 ఏప్రిల్ 22 నుండి అమలవుతున్న కొత్త ట్రాఫిక్ చట్టం ప్రకారం బండి నడుపుతూ ఫోను పట్టుకుంటే 75 దినార్లు, ఎర్రదీపం దాటితే 150 దినార్లు జరిమానా. ప్రాణరక్షణకు అది అవసరమే. అయితే ఇంత కాఠిన్యం చూపగల ప్రభుత్వం మీటరు దగ్గర మాత్రం ఎందుకు మెత్తబడుతున్నదన్నది ప్రశ్న. దుబాయిలో బేరానికి తావులేదు. విమానాశ్రయంలో ఎక్కితే మీటరు 25 దిర్హాములతో మొదలవుతుంది. హెచ్చే కావచ్చు, కాని అందరికీ అదే.

కువైట్‌కు కొత్తగా వెళ్లేవారికి భాష రాకపోవడం కన్నా ధర తెలియకపోవడమే పెద్ద బలహీనత. దినారుకు 1000 ఫిల్సులు. మన పైసల అలవాటుతో నూరనుకొని మోసపోయేవారున్నారు. ఎక్కకముందే సామానుతో సహా మొత్తం ఎంతో తేల్చుకోవాలి, చిల్లర వెంట ఉంచుకోవాలి. ఫోనులో పిలిపించుకునే కార్ల ధర ముందే కనిపిస్తుంది గనుక, వాటిలో ఎక్కకపోయినా ఆ అంకె చూసి బేరానికి దిగవచ్చు. (ప్రతి దినారునూ రూపాయలలోకి మార్చి దిగులుపడడం వేరే జబ్బు, దానికి మందు లేదు.)

బేరమంతా కుదిరాక కూడా, దిగేచోట మాట మార్చే డ్రైవరు ఉంటాడు. న్యాయం తనవైపే ఉన్నదని ఆమెకు తెలుసు. కాని సివిల్ ఐడీ కార్డు పనిచేసే ఇంట్లోనే ఉండిపోయింది. అతడు పోలీసు పేరెత్తగానే, అడిగినంతా ఇచ్చి దిగిపోతుంది.