నేనున్నా... వినిపిస్తున్నానా?

నాలుగు చినుకులు గట్టిగా పడ్డాయంటే చాలు, టీవీలో సీరియల్ ఆగిపోతుంది. బొమ్మ ముక్కలు ముక్కలవుతుంది. ఆ తర్వాత ‘సిగ్నల్ లేదు’ అన్న అక్షరాలు. ఇంట్లోవాళ్లంతా కలిసి డీటీహెచ్ కంపెనీని తిట్టుకుంటారు. నిజానికి తప్పు చినుకులది. ఉపగ్రహం నుంచి దిగివచ్చే ఆ రేడియో తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. భారీ వానలో పెద్ద పెద్ద చినుకులు దాన్ని కొంత మింగేస్తాయి, కొంత నాలుగు దిక్కులకూ చెదరగొడతాయి. గొడుగు మీద పడిన నీళ్లు చిందినట్టన్నమాట.

ఆ చెదరడం కోసమే ఎదురుచూసేవాళ్లు కూడా ఉన్నారు! మబ్బు కమ్ముకుంటే వాళ్లు డిష్‌ను ఉపగ్రహం వైపు కాదు, ఆ మబ్బు వైపే తిప్పుతారు. ఇక్కడి నుంచి పంపిన తరంగం వానమబ్బుకు తగిలి చెదిరి, వందల కిలోమీటర్ల అవతల అదే మబ్బు వైపు డిష్ తిప్పి కూర్చున్న మరో మిత్రుడిని చేరుతుంది. వాళ్లే అమెచ్యూర్ రేడియో ప్రయోగకర్తలు. వాడుకలో ‘హామ్’లు. లాభం కోసం కాకుండా, నేర్చుకోవడం కోసం ప్రభుత్వ లైసెన్సు తీసుకుని సొంత రేడియో కేంద్రం నడుపుకునేవాళ్లు.

హామ్ అనగానే చాలామందికి రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అమెరికాతోనో ఆస్ట్రేలియాతోనో మాట్లాడే మనిషి గుర్తొస్తాడు. అది షార్ట్‌వేవ్. తరంగం పైనున్న అయనోస్ఫియర్‌కు తగిలి కిందికి వంగుతుంది కాబట్టి అంత దూరం పోతుంది. మైక్రోవేవ్ కథ వేరు. సెకనుకు వంద కోట్ల సార్లకు మించి కంపించే ఈ తరంగాలు అయనోస్ఫియర్‌ను లెక్కచేయవు, నేరుగా దూసుకుపోతాయి. టార్చిలైటు వెలుతురులాగే వీటినీ సన్నటి ధారగా చేసి గురిపెట్టాలి. గుట్ట అడ్డొస్తే ఆగిపోతాయి. చెట్టు ఆకులు తడిస్తే నీరసిస్తాయి. అందుకే వీటితో ఆడుకోవడం ఒక పరీక్ష.

ఈ పరీక్షకు మన దేశంలో పెద్ద పునాదే ఉంది. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ ఇలాంటి పొట్టి తరంగాలతోనే గోడల అవతల గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపించారు. ఆయన వాడిన తరంగాల్లో కొన్నింటి పొడవు 5 మిల్లీమీటర్లే!

ఆకాశదీపం లాంటిది

కార్తీకమాసంలో గుడి ధ్వజస్తంభానికి ఆకాశదీపం కడతారు. అది ఎవరితోనూ మాట్లాడదు. దూరం నుంచి వచ్చేవాడికి ‘గుడి ఇక్కడుంది’ అని చెబుతుంది, అంతే. రేడియోలో ఆ పని చేసేదే బీకన్. ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ రాత్రింబవళ్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద తన పేరు, అంటే తన కాల్‌సైన్ చెబుతూ ఉంటుంది. జవాబు ఆశించదు. అది వినబడితే దారి తెరుచుకుందని అర్థం. వినబడకపోతే దారి మూసుకుందని అర్థం.

షార్ట్‌వేవ్‌లో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. ప్రపంచవ్యాప్తంగా 18 బీకన్లు ఒకే గొలుసుగా ఏర్పాటయ్యాయి. మనకు దగ్గర్లోది శ్రీలంకలో ఉంది. ఒక్కోదానికి పది సెకన్లు వంతు. మూడు నిమిషాల్లో చుట్టు పూర్తయి మళ్లీ మొదటికొస్తుంది. ప్రతి బీకనూ ముందు తన పేరు చెప్పి, తర్వాత నాలుగుసార్లు సెకను చొప్పున కూత పెడుతుంది. మొదటి కూత 100 వాట్లు, రెండోది 10, మూడోది 1, నాలుగోది వాట్‌లో పదో వంతు! ఎన్నో కూత దాకా వినబడిందో లెక్కపెడితే ఆ దేశానికి దారి ఎంత బాగుందో తెలిసిపోతుంది. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, రేడియో, గడియారం, ఓపిక ఉంటే చాలు.

మైక్రోవేవ్‌లో బీకన్ అవసరం ఇంకా ఎక్కువ. కొత్తగా తయారుచేసిన రిసీవర్ పనిచేస్తోందా లేదా? డిష్ సరైన దిక్కుకే ఉందా? ఫ్రీక్వెన్సీ తప్పిందా? ఏమీ వినబడనప్పుడు లోపం ఈ మూడింట్లో ఎక్కడుందో తెలియదు. అవతల ఒక నమ్మకమైన బీకన్ ఉంటే, కొలబద్ద చేతికి దొరికినట్టే.

గుట్టలు, పొగమంచు

నల్గొండ, మహబూబ్‌నగర్ నేలను ఈ కళ్లతో చూస్తే వేరేగా కనిపిస్తుంది. ఎక్కడ చూసినా చదునైన మెట్ట, మధ్యలో ఉన్నట్టుండి లేచే రాతిగుట్టలు. భువనగిరి కోట ఉన్న ఏకశిల, దేవరకొండ, రాచకొండ, దక్షిణాన కృష్ణ వైపు నిటారుగా దిగే అమ్రాబాద్ పీఠభూమి. వీటిలో కొన్ని 2016 తర్వాత కొత్త జిల్లాల్లోకి వెళ్లినా నేల మాత్రం అదే. కోటలు కట్టిన రాజులు దూరం నుంచి వచ్చేవాణ్ని చూడటానికి గుట్టలు ఎంచుకున్నారు. మైక్రోవేవ్‌కు కావలసిందీ ఆ చూపే.

చిన్న లెక్క ఉంది. ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే, ఆ ఎత్తు నుంచి రేడియో ఎన్ని కిలోమీటర్లు చూడగలదో వస్తుంది. భువనగిరి గుట్ట చుట్టూ ఉన్న నేల నుంచి సుమారు 500 అడుగులు, అంటే 150 మీటర్ల ఎత్తు. లెక్క వేస్తే 50 కిలోమీటర్లు. అవతల మూడంతస్తుల డాబా మీద యాంటెన్నా ఉంటే ఇంకో పన్నెండు కిలోమీటర్లు కలుస్తాయి. అయితే ఇది కాగితం మీది మాట. మధ్యలో మరో గుట్ట అడ్డొస్తే, అవతలి ఊరు పల్లంలో ఉంటే లెక్క తప్పుతుంది. అది తేల్చిచెప్పగలిగేది ఒక్కటే. ఒక చోట బీకన్ పెట్టి, ఇంకో చోట వినడం!

గాలి కూడా తన ఆట తాను ఆడుతుంది. చలికాలం తెల్లవారుజామున పల్లెటూళ్లలో పొయ్యి పొగ పైకి పోకుండా ఇళ్ల మీద దుప్పటిలా పరుచుకోవడం అందరూ చూసిందే. రాత్రంతా నేల చల్లబడి, కింది గాలి చల్లగా, పై గాలి వెచ్చగా ఉండటమే కారణం. పొగను ఆపిన ఆ పొరే రేడియో తరంగాన్నీ వంచుతుంది. పరిస్థితి కుదిరితే తరంగం నేలకూ ఆ పొరకూ మధ్య గొట్టంలో వెళ్లినట్టు చాలా దూరం పోతుంది. 1980ల్లో తమిళనాడు తీరంలో డాబా మీది యాంటెన్నాలకు శ్రీలంక రూపవాహిని బొమ్మ అందడం వెనక కూడా సముద్రం మీద ఏర్పడే ఇలాంటి దారులున్నాయి. బీకన్‌ను ఏడాది పొడవునా వింటూ పుస్తకంలో రాసిపెడితే, ఆ పుస్తకం ఆ ప్రాంతపు గాలికి జాతకమవుతుంది.

తెలుగు నేల మీది కథ

హామ్ రేడియోకు మన దగ్గర గట్టి చరిత్రే ఉంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో హైదరాబాద్‌లో మొదలైంది. 2004 డిసెంబరులో ఆ సంస్థకు చెందిన భారతీప్రసాద్ బృందం అండమాన్ వెళ్లి పోర్ట్‌బ్లెయిర్‌లో కేంద్రం పెట్టింది. చాలా ఏళ్లుగా ఆ దీవుల నుంచి హామ్‌ల గొంతు వినబడలేదు కాబట్టి ప్రపంచమంతా వాళ్లతో మాట్లాడటానికి ఎగబడింది. అదంతా సరదా. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. అప్పుడు సరదా కోసం తీసుకెళ్లిన ఆ రేడియోలే దీవుల నుంచి ప్రధాన భూభాగానికి బంధువుల క్షేమ సమాచారం మోశాయి. అవి షార్ట్‌వేవ్ రేడియోలే, మైక్రోవేవ్ కాదు. కానీ పాఠం రెండింటికీ ఒకటే. ఆపద వచ్చిన రోజున రేడియో నేర్చుకోవడం కుదరదు. ముందే నేర్చుకుని ఉండాలి.

మరుసటి ఏడాది 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సి6 రాకెట్ మీద 42.5 కిలోల చిన్న ఉపగ్రహం ఎగిరింది. పేరు హామ్‌శాట్. ఇస్రో హామ్‌ల కోసమే తయారుచేసింది. అందులో ఒక ట్రాన్స్‌పాండర్ మనవాళ్లు తయారుచేస్తే, రెండోది నెదర్లాండ్స్‌లో ఒక విద్యార్థి చేసింది. తల మీదుగా పోతున్నప్పుడు 145.936 మెగాహెర్ట్జ్ మీద దాని బీకన్ వినబడేది. బ్యాటరీ చెడిపోవడంతో 2014 జులైలో ఆ ఉపగ్రహం పని ఆగింది. తొమ్మిదేళ్లపాటు రోజూ పలకరించిన గొంతు మూగబోతే ఎలా ఉంటుందో దాన్ని వింటూ రేడియో నేర్చుకున్నవాళ్లకే తెలుసు.

పడమటికి తిరిగిన డిష్

ఇప్పుడు ఆకాశంలో మరో గొంతుంది. 2018 నవంబరు 15న ఎగిరిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హైల్-2లో టీవీ ఛానళ్లతోపాటు హామ్‌ల కోసం కొంత చోటిచ్చారు. ఆ భాగానికి క్యూఓ-100 అని పేరు. హామ్‌శాట్‌లా గబగబా దాటిపోదు. భూస్థిర కక్ష్యలో ఆఫ్రికా పైన ఒకేచోట నిలబడి, బ్రెజిల్ నుంచి థాయ్‌లాండ్ దాకా చూస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ మీద మాట అందుకుని, 10 గిగాహెర్ట్జ్ మీద కిందికి పంపుతుంది. రెండూ మైక్రోవేవ్ బ్యాండ్లే.

దాన్ని వినడానికి నల్గొండలో ఏం కావాలి? అటక మీద పడేసిన పాత డీటీహెచ్ డిష్! మామూలుగా మన డిష్‌లు దక్షిణం వైపు బాగా పైకి చూస్తుంటాయి. దీన్ని పడమరకు తిప్పాలి. సరిగ్గా పడమర కాదు, దక్షిణానికి ఒక పన్నెండు డిగ్రీలు జరగాలి. ఎత్తు నేలకు 27 డిగ్రీలు. మహబూబ్‌నగర్‌లో అయితే 28. పడమటి వైపు వేపచెట్టో ఎత్తయిన మేడో ఉంటే కష్టమే. యూనివర్సల్ రకం ఎల్‌ఎన్‌బీ ఆ 10,489.5 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని 739.5కు దించుతుంది. ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులు అందించి, కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ లాంటి ఒక ఎస్‌డీఆర్ రిసీవర్ తగిలిస్తే తెర మీద ఒక సన్నటి గీత కనబడుతుంది. అదే బీకన్. 38,900 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చింది!

మన ఎండకు డాబా మీది ఎల్‌ఎన్‌బీ వేడెక్కితే ఆ గీత పక్కకు జరుగుతుంది. బీకన్ అసలు చోటు ముందే తెలుసు కాబట్టి ఎంత జరిగిందో చూసి సరిచేసుకోవచ్చు. బీకన్ ఇంకో పెద్దరికం కూడా చేస్తుంది. ఆ ఉపగ్రహం మీద ఎవరి గొంతూ బీకన్ కంటే గట్టిగా ఉండకూడదన్నది నియమం. ఎవరైనా దాటితే వాళ్ల సంకేతం మీదనే సైరన్ లాంటి కూత వినబడుతుంది, పవర్ తగ్గించేదాకా! ఉన్న కాస్త శక్తినీ అందరూ పంచుకోవాలి మరి. పంక్తిభోజనంలో ఒక్కడే బూరెల గిన్నె ముందేసుకుంటే ఎలా?

ఖాళీ స్థలం ఎన్నాళ్లుంటుంది?

ఇదంతా బాగానే ఉంది, దీనివల్ల ఉపయోగం ఏమిటని ఇంట్లో పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబు వాళ్ల పిల్లల కాలేజీలోనే ఉంది. ఈసీఈ చదివే ప్రతి విద్యార్థికీ మైక్రోవేవ్ ల్యాబ్ ఉంటుంది. అక్కడి బల్ల మీద క్లిస్ట్రానో గన్ డయోడో పుట్టించే తరంగం ఎక్స్-బ్యాండ్‌ది. హామ్‌ల పది గిగాహెర్ట్జ్ కూడా అందులోదే. కానీ ఆ తరంగం రెండడుగుల ఇత్తడి గొట్టం దాటి బయటికి రాదు. రికార్డులో రీడింగులు ఎక్కుతాయి, మార్కులు పడతాయి, చదువు పూర్తవుతుంది. అదే విద్యార్థి ఒక్కసారి డిష్ తిప్పి బీకన్ పట్టుకుంటే, కోణం తప్పితే గీత ఎలా మాయమవుతుందో, వాన వస్తే ఎంత కుంగుతుందో తన చేతులతో తెలుసుకుంటాడు. ఉద్యోగంలో అడిగేదీ ఆ తెలివే.

రెండో కారణం ఇంకా పెద్దది. రేడియో బ్యాండ్లు కూడా నగరం పక్క పొలాల్లాంటివే. ఖాళీగా కనిపిస్తే ఎవరో ఒకరు అడుగుతారు. మన ప్రాంతానికి అంతర్జాతీయ కేటాయింపుల్లో 3300-3500 మెగాహెర్ట్జ్ మధ్య హామ్‌లకు రెండో వరుస హోదా ఇచ్చారు. 2022లో మన దేశంలో 5జీ వేలానికి పెట్టినవాటిలో 3300 నుంచి 3670 దాకా ఉన్నాయి. 2023లో దుబాయ్‌లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సులో 1240-1300 మీద చర్చ నడిచింది. గెలీలియో లాంటి దారిచూపే ఉపగ్రహాలకు ఇబ్బంది రాకుండా హామ్‌లు ఏ హద్దుల్లో ఉండాలో మార్గదర్శకాలు వచ్చాయి. ఫోన్లకూ ఉపగ్రహాలకూ చోటు కావాలి, అందులో అన్యాయం లేదు. కానీ ‘ఇక్కడ మేమూ ఉన్నాం, ఈ పని చేస్తున్నాం’ అని చెప్పడానికి హామ్‌ల దగ్గర డబ్బు లేదు. రాసిపెట్టుకున్న రీడింగులు, గాలిలో మోగే బీకన్లు, వినే చెవులు మాత్రమే ఉన్నాయి. వాడేవాళ్లు తగ్గితే ఆ మాట చెప్పే బలమూ తగ్గుతుంది.

ప్రసారం చేయాలంటే లైసెన్సు తప్పనిసరి. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం చూసే పరీక్ష రాయాలి. కొంచెం ఎలక్ట్రానిక్స్, కొన్ని నిబంధనలు చదువుకుంటే హైస్కూలు పిల్లలకూ కొరుకుడు పడుతుంది. ఏ బ్యాండులో ఎంత పవర్ వాడొచ్చో లైసెన్సే చెబుతుంది. గుట్ట మీద బీకన్ పెట్టడం ఆ తర్వాతి మాట. దానికి వేరే అనుమతులు అడగాలి, నలుగురు కలవాలి, కరెంటు, పిడుగుల రక్షణ చూసుకోవాలి. ఒక కాలేజీ, ఒక క్లబ్బు చేతులు కలిపితే మోయలేని బరువేం కాదు.

అంతవరకూ అటక మీది పాత డిష్ ఉండనే ఉంది. పడమటి ఆకాశంలో ఆ చిన్న గొంతు రాత్రీ పగలూ తన పేరు చెప్పుకుంటూనే ఉంది. వినేవాళ్లు దొరికితేనే దాని శ్రమకు ఫలితం.