మాట ఉత్తర్వు అయ్యేదాకా

జీతాలు పెంచుతామని మంత్రి సభలో ప్రకటిస్తే మర్నాడు పేపర్లలో పెద్ద అక్షరాలతో వస్తుంది. ఆ వార్త చూపిస్తే ట్రెజరీ ఒక్క రూపాయి ఇవ్వదు. మంత్రి ఫైలు మీద రాసిన మాట కూడా దానంతటది ఉత్తర్వు కాదు. అది గవర్నరు పేరున వెలువడి, సంబంధిత వ్యక్తికి అందితేనే ప్రభుత్వ నిర్ణయమవుతుందని సుప్రీంకోర్టు 1962లో బచ్చిత్తర్ సింగ్ కేసులో తేల్చింది. అంతవరకూ అది మార్చుకోదగ్గ అభిప్రాయమే.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల జీతం ఎలా హక్కుగా మారిందో చూడండి. ఏడవ వేతన సంఘం 2015 నవంబరులో నివేదిక ఇచ్చింది. అది సిఫార్సు మాత్రమే. 2016 జూన్‌లో కేబినెట్ ఆమోదించింది. జూలైలో రాజ్యాంగం 309వ అధికరణం కింద నిబంధనలు గెజిట్‌లో అచ్చయ్యాయి. 18,000 రూపాయల కనీస మూలవేతనం అప్పుడే హక్కయింది, అదీ జనవరి 1 నుంచి లెక్కగట్టి. పార్లమెంటు సభ్యుల జీతాలకైతే 1954 నుంచి ఏకంగా చట్టమే ఉంది.

మరి పిల్లలకు తిండి పెట్టి, అక్షరాలు దిద్దించే అంగన్‌వాడీ స్త్రీలకు? వాళ్లకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. దానికి ఆధారం జీవో. ఒక జీవోని మరో జీవో మార్చగలదు. వాళ్లవి సివిల్ పోస్టులు కావని 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు అంది. అయినా 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు సమ్మెలో ఉంటే ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగితే ఉద్యోగులు కారు, పని ఆపితే మాత్రం అత్యవసర సేవ! ఇదెక్కడి న్యాయం?

దారి పూర్తిగా మూసుకుపోలేదు. గ్రాట్యుటీ చట్టం అంగన్‌వాడీలకూ వర్తిస్తుందని, ఆ చట్టం దృష్టిలో గౌరవ వేతనం కూడా వేతనమేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు ఏదైనా పని పనేనని ఒప్పుకోవడానికి అదొక మెట్టు.

అందుకే చర్చల నుంచి బయటికొచ్చేటప్పుడు మన సంఘాలు చప్పట్లతో తృప్తి పడకూడదు. ఉత్తర్వు ఏ తేదీలోగా ఇస్తారు, ఎప్పటినుంచి అమలు, డబ్బు ఏ పద్దు నుంచి అని అడిగి రాయించుకోవాలి. గడువు దాటితే ఆ ఫైలు ఎక్కడుందో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. అసలు పోరాటం మాత్రం జీవోతో ఆగదు. ఆడవాళ్ల శ్రమకి కూడా గెజిట్‌లో అచ్చయిన నిబంధనలు రావాలి. గౌరవం మాటల్లో చాలాకాలంగా ఇస్తూనే ఉన్నారు. మనకు కావలసింది వేతనం.